మస్టరు నుంచి నియామక పత్రం దాకా

నేను గుమస్తాగా పనిచేసిన 1980లలో సర్కారుకీ కాలువ కూలీకీ మధ్య ఉన్న కాగితం ఒక్కటే, మస్టరు. బారెడు షీటు, ఎడమ పక్క పేర్లు, వాటికెదురుగా 31 గళ్లు. నెలాఖరున స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది ముద్ర వేస్తేనే కూలి చేతికొచ్చేది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చే లస్కరు (కాలువ కాపలా మనిషి) ఒకాయన కనపడినప్పుడల్లా అదే మాట: "బావూ, నా పేరు ఎక్కించినావా?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి తీసెయ్యాలంటే నోటీసు, పరిహారం ఇవ్వాల్సి ఉండేది. అందుకే సర్కారు పనుల్లో చాలాచోట్ల ఆ లెక్క నిండకముందే మస్టర్లో పేరు నాలుగు రోజులు ఎగిరిపోయేది. మనిషి మాత్రం ఆ నాలుగు రోజులూ గట్టుమీదే ఉండేవాడు!

1994లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2వ నంబరు చట్టం రోజుకూలీ నియామకాలను నిషేధించింది. ఆ ఏప్రిల్ 22నే 212 జీవో. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేసినవాళ్లను, ఖాళీలుంటే, పర్మినెంటు చేస్తామన్నారు. ఇక చూడాలి, బీరువాలన్నీ దులిపాం. చెదలు తిన్న షీటులో పేరు దొరికితే ఆ ఇంట పండగే. దొరికినా, ఎప్పుడో ఎగిరిపోయిన ఆ నాలుగు రోజులే కొందరికి అడ్డం పడ్డాయి. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి రిటైరు వయసు దాటినవాళ్లున్నారు.

నిషేధం వచ్చిందని పని ఆగదు కదా. కాంట్రాక్టు అన్నారు, తర్వాత ఔట్‌సోర్సింగు అన్నారు. పద్ధతి ప్రకారం జరగని నియామకాలకు పర్మినెంటు హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జూలైలో ఆప్కాస్ అనే రాష్ట్ర ఔట్‌సోర్సింగు సంస్థ వచ్చి మధ్య ఏజెన్సీలను తప్పించింది. 2023 రాష్ట్ర చట్టం కాంట్రాక్టు వాళ్లను పర్మినెంటు చేయడానికి 2014 జూన్ 2ను గీతగా పెట్టింది. ఔట్‌సోర్సింగు వాళ్లు ఆ గీతకు ఇవతలా లేరు, అవతలా లేరు.

2025 నవంబరు 21న 29 పాత చట్టాలు పోయి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 50 మంది లోపు కూలీలున్న కాంట్రాక్టరుకు కాంట్రాక్టు కార్మిక నిబంధనలు వర్తించవు. 300 మంది లోపున్న ఫ్యాక్టరీని సర్కారు అనుమతి లేకుండానే మూసుకోవచ్చు. మొగ్గు యజమాని వైపేనని నా అభిప్రాయం. అయినా, నిర్ణీత గడువుకు చేరిన ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ, అందరికీ నియామక పత్రం అన్నవి చిన్న సంగతులు కావు. మస్టరు కాలంలో ఆ పత్రం కలలో మాట.

పైడిభీమవరం కంపెనీలకు షిఫ్టులకెళ్లే మా ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం పిల్లలకు ఒక్కటే చెప్తాను. చేరిన రోజే పత్రం అడిగి తీసుకోండి. యజమాని అన్నచోట కంపెనీ పేరుందా, కాంట్రాక్టరు పేరుందా చూసుకోండి. ఒక జిరాక్సు ఇంట్లో పెట్టుకోండి.