అంచున వదిలిన ఖాళీ

నోట్సు రాసుకునేటప్పుడు పెద్ద విషయాన్ని అంచున రాస్తాం. దానికి చెందిన చిన్న విషయాన్ని కింద, కాస్త లోపలికి జరిపి రాస్తాం. "ఇది దానిది" అని చెప్పేది ఆ కాస్త ఖాళీయే. కంటికి వెంటనే తెలిసిపోతుంది. కంప్యూటర్‌కి మాత్రం అవి నాలుగు స్పేసులు, అంతే.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఇచ్చిన ప్రదర్శన అనగానే అందరూ మౌస్ గురించే చెబుతారు. ఆ రోజు ఆయన తెరమీద ఒక సరుకుల చీటీని వర్గాలుగా విడగొట్టి, ముడిచి, విప్పి చూపించాడు. నాకైతే మౌస్ కంటే అదే పెద్ద సంగతి. ఇలాంటి చెట్టులాంటి నోట్సుని మామూలు కంప్యూటర్లలోకి తెచ్చినవాళ్ళలో డేవ్ వైనర్ ఒకడు: 1983లో థింక్‌ట్యాంక్, 1986లో మోర్. తర్వాత 1998లో ఎక్స్ఎమ్ఎల్ ప్రమాణం వచ్చింది. 2000లో దాని ఆధారంగా ఓపీఎమ్ఎల్ అనే ఫైలు రూపం వైనర్ సంస్థ నుంచే వచ్చింది. నోట్సుని ఒక ప్రోగ్రాములోంచి ఇంకోదానిలోకి తీసుకెళ్ళడానికి అదొక దారి.

నియమం చాలా చిన్నది. ప్రతి పంక్తీ "ఔట్‌లైన్" అనే ట్యాగు. కింది పంక్తులు దాని కడుపులో ఉంటాయి. పంక్తిలోని మాటలు "టెక్స్ట్" అనే లక్షణంలో, కొటేషన్ గుర్తుల మధ్య ఉంటాయి.

సాహిత్యం చదివేవాళ్ళకి చిక్కంతా ఆ కొటేషన్ గుర్తుల దగ్గరే. ఎక్స్ఎమ్ఎల్‌లో లక్షణం విలువ మధ్య నేరుగా పడ్డ లైన్ బ్రేకు, చదివే వేళకి మామూలు స్పేసు అయిపోతుంది. నోట్సులో ఒక శీర్షిక కింద మీరు నాలుగు పాదాల పద్యం దింపుకున్నారనుకోండి. ఎగుమతి చేసే ప్రోగ్రాము ఆ బ్రేకుల్ని సంకేతాలుగా మార్చి రాయకపోతే, అవతల తేలేది ఒకే పొడుగాటి వాక్యం. ఒక్క అక్షరమూ పోదు, పాదం పోతుంది. ఇక యతి ఎక్కడుందో వెతుక్కోవాలి! పోనీ, ఒక్కో పాదానికి ఒక్కో ట్యాగు ఇద్దామా? అప్పుడది పద్యం కాదు, ఎటంటే అటు జరపగలిగే నాలుగు అంశాల జాబితా.

2003లో కార్‌స్టెన్ డొమినిక్ ఈమాక్స్ కోసం మొదలుపెట్టిన ఆర్గ్‌మోడ్ ఇంకో దారి పట్టింది. ఫైలు సాదా టెక్స్టే. పై శీర్షికకి ఒక చుక్కగుర్తు, దాని కిందిదానికి రెండు. ఖాళీని చూసి ఊహించే పని లేదు, లెక్కపెడితే చాలు. (డొమినిక్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త.) శీర్షిక కింద రాసుకున్నది దాని లైన్లతో అక్కడే ఉంటుంది. పద్యాలు దాచుకోవడానికి నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

అయినా ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళింది ఓపీఎమ్ఎల్లే, అదీ నోట్సు కోసం కాదు. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న బ్లాగుల చిరునామాలు ఫోల్డర్లతో సహా ఈ రూపంలోనే బయటికొచ్చాయి. పాడ్‌కాస్ట్ యాప్ మారేవాళ్ళు ఇవాళ్టికీ అదే ఫైలు పట్టుకెళ్తారు. తెరిచి చూస్తే లోపల ఒక్క నోట్సు ముక్కా ఉండదు. వరసగా ఔట్‌లైన్, ఔట్‌లైన్ అని మాత్రం ఉంటుంది.