ఊరు విడవమన్నవాడి బాధ్యత

గ్రూప్స్ పరీక్షలకు చదివే ప్రతివారికీ చీరాల–పేరాల ఉద్యమం గురించి నాలుగు ముక్కలు కంఠతా వచ్చు: ఏడాది 1921, నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, దండు పేరు రామదండు, ఊరి బయట వెలసిన పేట పేరు రామనగర్. ఈ నాలుగూ గుర్తుంటే మార్కు వస్తుంది. నాయకత్వం గురించి ఇంత కఠినమైన ప్రశ్న వేసిన ఘటన తెలుగువాళ్ళ ఆధునిక చరిత్రలో మరొకటి దొరకడం కష్టం. ఆ ప్రశ్న మాత్రం పాఠంలో కనబడదు, అదే నా బాధ. తన ఉద్యోగాన్నో ఆస్తినో ప్రాణాన్నో పణంగా పెట్టే హక్కు ఎవరికైనా ఉంటుంది. వేలమందిని ఇళ్ళు విడిచి రమ్మనే హక్కు ఒక మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? వచ్చినా ఎంతకాలం నిలుస్తుంది? చీరాల కథను ఓపికగా చదివితే నాకు తోచే జవాబు ఇది: ఆ హక్కు ప్రజల సమ్మతి నుంచే వస్తుంది, అయితే ఆ సమ్మతికి గడువు ఉంటుంది. కష్టం పెరిగేకొద్దీ దాన్ని మళ్ళీ అడగాలి. ఇక చాలు అనే వీలు జనానికి మిగలాలి. చీరాలలో సమ్మతి అడగడం గొప్పగా జరిగింది. మళ్ళీ అడగడానికి మాత్రం ఏర్పాటు లేకపోయింది.

ముందు తగాదా ఏమిటో చూడాలి. చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. ఇప్పుడవి బాపట్ల జిల్లా. రెండూ కలిపి జనాభా సుమారు 15 వేలు. నేతపని ఎక్కువ. అంతవరకు యూనియన్‌గా ఉన్న ఈ ఊళ్ళను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. యూనియన్ కాలంలో ఏడాదికి దాదాపు 4 వేల రూపాయలు వసూలయ్యే పన్ను మునిసిపాలిటీ రాకతో 40 వేలయింది. ఈ అంకెలు అన్ని పుస్తకాల్లోనూ ఉన్నాయి గానీ తలకు ఎంత పడిందో లెక్క కట్టి చూపినవి తక్కువ. సగటున చూస్తే మనిషికి నాలుగు అణాల చిల్లర ఉన్నది రెండు రూపాయల పది అణాలు దాటింది. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి పదమూడు రూపాయలు. ఇది సగటే, ఇంటి విలువను బట్టి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ పడి ఉంటుంది. అయినా నూలు అప్పుగా తెచ్చుకుని, గుడ్డ అమ్ముడుపోయాక షావుకారు లెక్క తీర్చే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. జనం మొదట అర్జీలు పెట్టారు. తరువాత పన్ను కట్టం అన్నారు. మునిసిపల్ సభ్యులు రాజీనామా ఇచ్చారు. పన్ను నిరాకరించి జైలుకు వెళ్ళినవారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే మహిళ కూడా ఉన్నారు. ఊరు విడవాలన్న మాట వచ్చింది ఇదంతా అయ్యాకే. కష్టం తక్కువగా ఉన్న దారులన్నీ నడిచి చూశాకే కష్టమైన దారి పట్టారన్నమాట. నాయకుడి నీతిని తూచేటప్పుడు ఈ వరసను పట్టించుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. మునిసిపాలిటీ అంటే పాలకుల దోపిడీ ఒక్కటేనా? పదిహేను వేలమంది ఇరుకుగా బతికే చోట మురుగు కాలువలు, మంచినీళ్ళు, వీధి దీపాలు ఎవరో ఒకరు చూడాలి కదా, దానికి డబ్బు కావాలి కదా? పైగా అప్పటికి స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువాడైన పానగల్ రాజా చేతిలో ఉంది. 1919 చట్టం ప్రకారం ఎన్నికైన శాసనసభకు జవాబుదారీ అయిన మంత్రి ఆయన. ఆయన మీద తిరగబడటం స్వరాజ్యం కోసమా, పన్ను ఎగ్గొట్టడం కోసమా? ఈ వాదనలో బలం ఉంది. పౌరసేవలకు పన్ను కట్టడం బాధ్యతే, మంత్రి విదేశీయుడూ కాడు. కానీ ఆ శాసనసభకు ఓటు వేయగలిగింది ఆస్తో, పన్ను చెల్లింపో ఉన్న కొద్దిమందే. మాకు ఈ మునిసిపాలిటీ వద్దని ఊరు అర్జీల మీద అర్జీలు పెట్టినా, సభ్యులే తప్పుకున్నా ప్రభుత్వం వినలేదు. ఊరి బాగు కోసమే అంటూ ఊరి మాట వినకుండా నడిపేది స్థానిక స్వపరిపాలన అనిపించుకోదు. మునిసిపాలిటీ మంచిదా చెడ్డదా అన్నదానిపై ఇద్దరు విద్యార్థులు వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. దాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదన్న విషయంలో చీరాల జనం పక్షమే న్యాయమని నా నమ్మకం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది అక్కడే. ఆ తరువాత కొద్ది రోజులకే గాంధీజీ చీరాల వచ్చారు. ఊరివాళ్ళు సలహా అడిగితే రెండు దారులు చూపారు: అహింస తప్పకుండా పన్ను నిరాకరించి వచ్చిన శిక్ష అనుభవించడం, లేదా ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి పోవడం. ఏది ఎంచుకున్నా కాంగ్రెస్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దనీ, సొంత బలంతోనే నిలబడాలనీ చెప్పారు. ఇది నిర్దయగా వినిపిస్తుంది. సలహా ఇచ్చి ఖర్చు మీది అనడం ఏమి నాయకత్వం అని అడగవచ్చు. నేను దీన్ని మరోలా చూస్తాను. సాయం వస్తుందన్న భ్రమతో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. ధర ఎంతో ముందే చెప్పి, ఎంపిక వాళ్ళకే వదిలినప్పుడు ఆ మాటలో నిజాయితీ ఉంది. నాయకుడు దాచకూడనిది గెలుపు అవకాశం కన్నా ముందు ఖర్చు లెక్క. ఊరు రెండో దారే ఎంచుకుంది, ముందుండి నడిపింది గోపాలకృష్ణయ్య. ఆయన ఎడింబరోలో ఎం.ఎ. చదివి, బందరు జాతీయ కళాశాలలో పనిచేసి, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడు. అలాంటి మనిషి జనంతో పాటే రామనగర్ పాకల్లోకి వెళ్ళి వాళ్ళ మధ్యే ఉన్నాడు. 15 వేలమందిలో 13 వేలకు పైగా ఊరు వదిలారంటే బలవంతం మీద జరిగే పని కాదు. వేలమందిని మోసం చేసి ఒక సభకు రప్పించవచ్చు, ఇల్లు వదిలించడం మాత్రం సాధ్యం కాదు.

ఆ ఖర్చు ఎలాంటిదో దగ్గర నుంచి చూడాలి. నేతగాడి ఇల్లంటే అతని పనిచోటు కూడా. గుంటమగ్గం నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసేది. కొయ్యలు విప్పి మోసుకుపోవచ్చు, గుంటను మోయలేరు. కొత్తచోట మళ్ళీ తవ్వాలి, తవ్విన గుంటలోకి వాన నీరు దిగకుండా పైన కప్పు గట్టిగా ఉండాలి. పడుగు సాగదీయడానికి పొడవాటి వీధి కావాలి. గంజి పెట్టిన నూలు ఆరడానికి ఎండ సమానంగా కావాలి, గాలి ఎక్కువైతే పోగులు తెగుతాయి. చీరాలకు పేరు తెచ్చిన తేలియా రుమాలు పని ఇంకా సున్నితం. నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆపైన చిటికి కట్టి రంగులద్దాలి. ఇన్ని దశలున్న పనిని వేసవి ఎండలో తాటాకు పాకల కిందకు మార్చడమంటే ఆదాయం ఆగిపోవడమే. ఎండ తరువాత వాన, వాన తరువాత తీరానికి తప్పని తుఫాను కాలం. ఇల్లున్న ఆసామీకీ, మగ్గమే ఆస్తి అయిన కూలి నేతగాడికీ ఊరి బయట గడిపిన పదకొండు నెలలు ఒకే బరువు కాదు. పన్ను తగ్గితే ఎక్కువ లాభం పెద్ద ఇంటివాడికి, ఊరు వదిలితే ఎక్కువ నష్టం పాకలోవాడికి. చీరాల ఉద్యమం మీద వేయదగిన గట్టి విమర్శ ఇదేనని నేను అనుకుంటాను. రామనగర్‌లో కులాల ప్రతినిధులతో సభ, తగాదాలు అక్కడే తీర్చుకునే ఏర్పాటు పెట్టడం ఈ విమర్శకు కొంత జవాబు. అందరి గొంతూ వినాలన్న ఆలోచన నాయకుడికి ఉందని అది చెబుతుంది. బరువును సమం చేయడానికి అది చాలదు, దానికి డబ్బు కావాలి.

ఆ డబ్బు కోసమే గోపాలకృష్ణయ్య ఊళ్ళు తిరిగాడు. బరంపురంలో మాట్లాడవద్దన్న ఉత్తర్వును ధిక్కరించి అరెస్టయ్యాడు, ఏడాది జైలు పడింది. ఆయన లేకపోతే ఉద్యమం కూలిపోయిందని రాయడం మామూలు. కాలక్రమం ఆ మాటను పూర్తిగా బలపరచదు. ఆయన జైలుకు పోయాక కూడా జనం నెలల తరబడి పాకల్లోనే నిలిచారు. 1922 ఆరంభంలో గానీ తిరిగి ఊళ్ళోకి రాలేదు. కాబట్టి లోపం ధైర్యంలో వెతకకూడదు. లేనిది వేరే. ఇంతవరకు చేశాం, ఇక పరువుగా ఇళ్ళకు పోదాం అనో, ఇంకో రెండు నెలలు చూద్దాం అనో అందరినీ కూర్చోబెట్టి అడిగే అధికారం నాయకుడి తరువాత ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఏప్రిల్‌లో ఇచ్చిన మాట మీదే డిసెంబరులోనూ నిలబడాల్సి వచ్చింది. చివరికి తిరిగి రావడం ఒక నిర్ణయంలా జరగలేదు, అలసటలా జరిగింది. జైలు తప్పదని తెలిసిన పోరాటంలో తన తరువాత ఎవరు, ఎప్పుడు ఆపాలి అన్నది ముందే తేల్చి ఉంచడం ఆయన చేయవలసిన పని. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట అనక తప్పదు.

అవే రోజుల్లో అదే గుంటూరు జిల్లాలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా నడిచింది. 1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపేశారు. కరణాలు, మునసబులు ఉద్యోగాలు వదులుకున్నారు. ఫిబ్రవరి మొదట్లో చౌరీచౌరాలో హింస జరిగింది, గాంధీజీ దేశమంతటా ఉద్యమాన్ని ఆపేశారు. ఇక్కడ ఆపే అధికారం ఉంది, కానీ అది కష్టపడుతున్న రైతు చేతిలో లేదు. ఎక్కడో జరిగిన హింసకు బాధ్యత వహించి ఉద్యమం ఆపడం నాయకుడి నీతి అని ఒక వాదన. పెదనందిపాడు రైతు ఏ హింసా చేయకుండానే ఓడినవాడు కావడం అన్యాయం అని మరో వాదన. నా మొగ్గు మొదటి వాదన వైపే. పోరాటం అహింస అన్న షరతు మీద మొదలైంది, ఆ షరతు అందరికీ ముందే తెలుసు. చీరాలలో ఆపడానికి అలాంటి షరతేదీ ముందుగా ఎవరూ చెప్పుకోలేదు. తరగతిలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిస్తే పిల్లలు తేదీలతో పాటు తర్కం కూడా నేర్చుకుంటారు.

ఇంకొక లెక్క మిగిలింది. 13 వేలకు పైగా వెళ్ళారంటే వెయ్యిమందికి పైగా ఊళ్ళోనే ఉన్నారని అర్థం. వాళ్ళను పాఠం పట్టించుకోదు, పట్టించుకుంటే ద్రోహులుగానే చూస్తుంది. మంచం మీద ముసలితల్లి ఉన్నవాడు, పురిటికి రోజులు దగ్గరపడ్డ ఇల్లాలు, సర్కారు జీతం మీద బతికేవాడు, మునిసిపాలిటీ రావడమే మంచిదని నిజంగా నమ్మినవాడు అలాంటి ఏ ఊళ్ళోనైనా ఉంటారు. ఊరంతా ఒక దారిన పోతుంటే కాదన్నవాడి మీద పడే ఒత్తిడి పోలీసు లాఠీ కన్నా తక్కువదేమీ కాదు. సమ్మతి గురించి ఇంతసేపు మాట్లాడి, సమ్మతించనివాళ్ళను లెక్కలోంచి తీసేస్తే ఆ మాటకు విలువ ఉండదు. చీరాల పాఠం చెప్పే ఉపాధ్యాయుడు పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టును రామనగర్‌కు పంపి, రెండో జట్టును ఊళ్ళోనే ఉంచి, ఎందుకు ఉన్నారో చెప్పమని అడగాలి.