వేయిపెట్టెల గోపురము

చిత్రకారునకుఁ గుంచె యెట్టిదో, నామ్ జూన్ పైక్ అను కొరియా కళావేత్తకు టెలివిజను పెట్టె యట్టిది. సియోలునఁ బుట్టి సంగీతము నభ్యసించిన యీతఁడు 1963లో జర్మనీయందుఁ దన మొదటి టెలివిజను ప్రదర్శనమును గావించెను. ఈతనికి యంత్రములు గూర్చియిచ్చిన జపాను ఇంజనీరు షూయా అబే పేరు మాత్రము చెప్పుకొనువా రరుదు. ఇది యన్యాయమే.

1988లో గ్వాచన్ పట్టణమందలి జాతీయ కళాప్రదర్శనశాలలో పైక్ 1,003 టెలివిజనులను 18.5 మీటర్ల గోపురముగాఁ బేర్పించెను. అక్టోబరు 3వ తేది కొరియనుల జాతిసంస్థాపనదినము గావున నా సంఖ్య.

ఱాతిగోపురము వేయేండ్లు నిలుచును. దీనికి ముప్పదియేండ్లకే ముదిమి వచ్చినది. గాజుగొట్టములు చెడెను, అట్టివానిని జేయు కర్మాగారములు మూఁతపడెను. 2018లో దాని నార్పివేసిరి. విప్పివేయుదుమా, అంతయుఁ గ్రొత్తతెరలతో నింపుదుమా, పాతవానినే వెదకి తెత్తుమా యను చర్చ పుట్టెను. పాతపెట్టెలే కళ యనువారికి నొక్క మాట: 2003లో, పైక్ జీవించియుండఁగనే, పెట్టెలన్నియు నొకమాఱు మార్పఁబడినవి. మన యాలయములలో ధ్వజస్తంభము పుచ్చినచోఁ గ్రొత్తమ్రాను నిలుపుదుము. అందువలన స్వామి మాఱె ననువాఁ డెవఁడు? అయినను చదువరులారా, గొట్టపుతెర వెలుఁగునకును బలుచనితెర వెలుఁగునకును గల భేదము కంటికిఁ దెలియును, దానిని ద్రోసిపుచ్చరాదు.

తుదకు 737 గొట్టపుతెరలను బాగుచేసి, మిగిలిన చిన్నవి 266టికి మాత్రము వెలుపలి రూపు చెడకుండఁ బలుచనితెరల నమర్చి, 2022 సెప్టెంబరున మరల వెలిగించిరి. అదియు వారమునకు నాలుగు దినములు, దినమునకు రెండేసి గంటలు మాత్రమే యని నిర్ణయించిరి. వృద్ధునిచే నెక్కువసేపు మాటలాడింపరు గదా!