డ్రెస్డెన్‌లో ఆలంగీర్ పుట్టినరోజు

గోల్కొండను 1687లో వశం చేసుకున్న ఔరంగజేబు, అంటే ఆలంగీర్, ఇప్పటికీ కొలువుదీరి ఉన్న చోటు ఒకటుంది. ఢిల్లీలో కాదు, ఔరంగాబాద్‌లోనూ కాదు, తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లో. ఎల్బా నది ఒడ్డున సాక్సనీ పాలకుల పాత రాజప్రాసాదంలో గ్రీన్ వాల్ట్ అనే ఖజానా మ్యూజియం ఉంది. ఆ పై అంతస్తులో, అద్దాల వెనక, మీటరున్నరకు కాస్త తక్కువ వెడల్పున్న వెండి వేదిక మీద ఆయన పుట్టినరోజు జరుగుతూ ఉంటుంది.

అచ్చం మన దసరా బొమ్మల కొలువే. మెట్లు మెట్లుగా అరుగులు, పైన ఛత్రం కింద సింహాసనం, దాని మీద పాదుషా. కింద మెట్ల దగ్గర సాష్టాంగపడ్డ సామంతులు, కానుకలు మోసుకొస్తున్న పరివారం, ఏనుగులు, గుర్రాలు. మనుషులు, జంతువులు కలిపి 132 బొమ్మలు. ఒక్కొక్కటీ బంగారం పోతపోసి, పైన రంగురంగుల మీనాకారీ చేసినదే. వజ్రాలు ఐదు వేలకు దగ్గర. కళ్లు చికిలించి చూస్తే తప్ప తలపాగాలు, అంగరఖాల అంచులు తెలియవు. మొదటి చూపులో మెరుపు తప్ప ఇంకేమీ ఆనదు.

దీన్ని చేసినవాడు యోహాన్ మెల్కియోర్ డింగ్లింగర్, సాక్సనీ ఆస్థాన స్వర్ణకారుడు. ఇద్దరు తమ్ముళ్లనూ పనివాళ్లనూ వెంటేసుకుని 1701లో మొదలుపెట్టి 1708లో ముగించాడు. ఇండియా మొహం ఎన్నడూ చూడలేదు. ఆ రోజుల్లో యూరప్‌లో విపరీతంగా అమ్ముడైన యాత్రాగ్రంథాలే అతనికి ఆధారం. అందుకే ఈ మొఘల్ దర్బారులో చైనా డ్రాగన్లు, ఈజిప్టు చిహ్నాలు కూడా కలిసిపోయాయి. తూర్పు అంటే అంతా ఒకటే వీధి అనుకున్న కాలం మరి.

అసలు తమాషా అది కాదు. మొఘల్ పాదుషాల పుట్టినరోజున పెద్ద వేడుక తులాభారం. పాదుషాను త్రాసులో కూర్చోబెట్టి బంగారం, వెండి, ఇంకా బోలెడు వస్తువులతో తూచి దానాలు చేసేవారు. బెర్నియే, టావెర్నియే వంటి ఫ్రెంచి యాత్రికులు ఈ వైభవాలన్నీ వర్ణించి వర్ణించి రాశారు. తీరా చూస్తే, ఔరంగజేబు గద్దెనెక్కిన పదేళ్లు దాటాక తనను తూచే ఆ వేడుకను తనే మాన్పించాడు. దర్బారు సంగీతమూ ఆపించాడు. ఇక డింగ్లింగర్ సుత్తి పట్టుకున్న 1701 నాటికి ఆయనకు ఎనభై దాటాయి. ఢిల్లీ వదిలి ఇరవై ఏళ్లు. దక్కనులో డేరాల్లో బతుకుతూ, బురదలో, వానలో మరాఠాల కోటలను ఒక్కొక్కటే ముట్టడిస్తున్నాడు. 1707లో అహ్మద్‌నగర్ దగ్గర కన్నుమూశాడు. డ్రెస్డెన్‌లో ఆయన పుట్టినరోజు పూర్తయ్యేసరికి ఆయన లేడు.

మరి ఇంత వెర్రి ఎవరికోసం? సాక్సనీ పాలకుడు ‘బలాఢ్యుడు’ అగస్టస్ కోసం. 1697లో పోలెండ్ కిరీటం కోసం మతం మార్చి కేథలిక్కు అయినవాడు. ఎదురు చెప్పే సభలు, లెక్కలడిగే పెద్దమనుషులు లేని రాజరికం ఆయన కల. దూరాన ఉన్న ఆలంగీర్ అందుకు నమూనాగా కనిపించాడు. నిజం మాత్రం చేదు. 1706లో స్వీడన్ సేనలు సాక్సనీలోకి చొరబడి ఆయన చేత పోలెండ్ కిరీటం వదిలించాయి. ఆ దెబ్బ తిన్న కొద్దికాలానికే ఈ బొమ్మల దర్బారును 58 వేలకు పైగా థాలర్లకు కొనడానికి ఒప్పుకున్నాడు. సొమ్ము మాత్రం వాయిదాల మీదే చెల్లించాడు. నాకైతే ఈ వస్తువులో మొఘల్ వైభవం కన్నా ఒక ఓడిన రాజు మనసే బాగా కనబడింది. దాదాపు అదే కాలంలో వేల మైళ్ల ఎడంగా ఇద్దరు రాజులూ గెలవలేని యుద్ధాల్లో కూరుకుపోయి ఉన్నారు. ఒకరి ఊహలో మరొకరు మాత్రం తిరుగులేని ప్రభువు.

అగస్టస్ పిచ్చి అంతటితో ఆగలేదు. బంగారం తయారుచేస్తానన్న బ్యోట్‌గర్ అనే కుర్రవాణ్ణి నిర్బంధించి పనిచేయించాడు. బంగారం రాలేదు గానీ 1708లో తెల్లటి పింగాణీ వచ్చింది. యూరప్‌లో అసలైన పింగాణీకి అదే ఆరంభం. పక్కనే మైసెన్‌లో 1710లో కార్ఖానా పెట్టారు. అయినా చైనా సరుకు మీద మోజు తీరక, 1717లో తన 600 మంది ఆశ్విక సైనికులను ప్రష్యా రాజుకిచ్చి 151 పింగాణీ పాత్రలు తెచ్చుకున్నాడు. వాటిలో కొన్నింటిని ట్స్వింగర్ భవనంలో చూడొచ్చు. మనుషులను ఇచ్చి కొన్న జాడీలని తెలిశాక వాటి నీలం పూలు అంత అందంగా అనిపించవు.

అదే గ్రీన్ వాల్ట్‌లో మనకు ఇంకా దగ్గరి వస్తువొకటి ఉంది. డ్రెస్డెన్ గ్రీన్, 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం. భూగర్భంలో సహజమైన రేడియో ధార్మికత తగిలి వచ్చిన రంగది. అగస్టస్ కొడుకు 1742 ప్రాంతంలో లైప్‌జిగ్ సంతలో ఒక డచ్చి వర్తకుడి దగ్గర కొన్నాడని చెబుతారు. అది గోల్కొండ రాజ్యపు గనుల్లో, బహుశా కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని నిపుణుల్లో ఎక్కువమంది అభిప్రాయం. కొల్లూరు గనిలో ఆడ, మగ, పిల్లలు కలిపి అరవై వేలమంది పనిచేస్తున్నారని టావెర్నియే రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. రాయి రష్యా కూడా వెళ్లొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ సేనలు పట్టుకుపోయి 1958లో తిరిగిచ్చాయి.

ఆ యుద్ధాన్ని తలవకుండా ఈ ఊళ్లో నాలుగడుగులు వేయలేం. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బ్రిటిష్, అమెరికన్ బాంబుదాడుల్లో పాత నగరం కాలిపోయింది. నాజీ ప్రచారం చనిపోయినవాళ్లను లక్షల్లో చెప్పింది. చరిత్రకారుల సంఘం 2010లో తేల్చిన గరిష్ఠ సంఖ్య 25 వేలు. ఫ్రావెన్‌కిర్షె చర్చి గోపురం వెంటనే పడలేదు. మంటల వేడికి స్తంభాలు డస్సి, 15న పొద్దున కూలింది. దాదాపు యాభై ఏళ్లు రాళ్లగుట్టగానే ఉండి, 1994లో మొదలై 2005లో మళ్లీ లేచింది. లేత పసుపు గోడల్లో అక్కడక్కడా కనిపించే నల్లటి రాళ్లు పాత చర్చివే. అదంతా బాంబుల మసి అని చాలామంది అనుకుంటారు. ఎల్బా ఇసుకరాయి స్వభావమే అంత, గాలీ వానా తగిలేకొద్దీ నల్లబడుతుంది. కొత్తవీ ఏదో ఒకనాటికి వాటితో కలిసిపోతాయి. గోపురం మీది శిలువను తయారుచేసినవాళ్లలో ఆనాడు బాంబులు వేసిన బ్రిటిష్ వైమానికుడి కొడుకు ఉన్నాడు.

2019 నవంబరులో గ్రీన్ వాల్ట్‌లో పడ్డ దొంగతనం మన పేపర్లలోనూ వచ్చింది. ఆ సమయానికి ఆకుపచ్చ వజ్రం న్యూయార్క్ ప్రదర్శనలో ఉండి అదృష్టవశాత్తూ తప్పించుకుందని రాశారు. నిజానికి దొంగలు దూరింది కింది అంతస్తు గదుల్లోకి, వజ్రం మామూలుగా ఉండేది పైన. పోయినవాటిలో చాలా భాగం 2022లో దొరికింది.

బెర్లిన్ నుంచి రైల్లో రెండు గంటలే కాబట్టి ఒక్క పూటకు వచ్చేవాళ్లే ఎక్కువ. అందరూ కింది అంతస్తు ‘చారిత్రక’ విభాగం కోసం ముందుగా టైము టికెట్లు కొనుక్కుంటారు. ఆలంగీర్ దర్బారు ఉన్నది పై అంతస్తు ‘కొత్త’ విభాగంలో, అక్కడ తొక్కిడి తక్కువ. మంగళవారం మాత్రం వెళ్లకండి, సెలవు.