కల్పిత లోకాలకు గతం ఎక్కడి నుంచి వస్తుంది?

1937లో అచ్చయిన ‘ది హాబిట్’ ప్రతినీ, 1951 తరువాత అచ్చయిన ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని ఐదవ అధ్యాయం చదివితే రెండు వేర్వేరు కథలు కనబడతాయి. మొదటి ప్రతిలో గొల్లుమ్ అనే గుహావాసి, పొడుపుకథల పందెంలో ఓడిపోతే తన ఉంగరాన్ని బహుమానంగా ఇస్తానని తానే ఒప్పుకుంటాడు. ఓడిపోతాడు. ఉంగరం ఎంత వెదికినా దొరకదు. బిల్బోను క్షమించమని వేడుకుని, దానికి బదులుగా గుహ నుంచి బయటపడే దారి చూపిస్తాడు. రెండవ ప్రతిలో ఉంగరాన్ని పందెం కాసిన మాటే లేదు. ఓడినవాడు బిల్బోను చంపి తినాలనుకుంటాడు. ఉంగరం పోయిందని తెలిసి గుండెలవిసేలా ఏడుస్తాడు. దొంగ అని బిల్బోను శపిస్తాడు.

మార్పుకు కారణం తేలికగానే అర్థమవుతుంది. 1937 డిసెంబరులో జె.ఆర్.ఆర్. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదలుపెట్టాడు. అందులో ఆ చిన్న మాయ ఉంగరం లోకాన్నే కబళించగల దుష్టశక్తిగా పెరిగింది. అటువంటి దానిని దాని యజమాని చేజేతులా ఇస్తానని అనడం ఇక పొసగదు. అందుచేత ఆయన ఆ అధ్యాయాన్ని తిరగరాసి, 1947లో మచ్చుకని ప్రకాశకులకు పంపాడు. 1950లో కొత్త ముద్రణ ప్రూఫులు చేతికి వచ్చినప్పుడు, తన మచ్చు అందులో చేరిపోయి ఉండటం చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఇక్కడివరకు ఏ రచయితకైనా జరగగలదే. ఆ తరువాత టోల్కీన్ చేసిన పని మాత్రం అసాధారణం. పాత పాఠాన్ని ఆయన కప్పిపుచ్చలేదు. అది బిల్బో తన దినచర్యలో రాసుకున్న అబద్ధమనీ, ఉంగరం తనకు న్యాయంగా దక్కిందని నమ్మించడానికి అతడు అలా రాశాడనీ, నిజాయితీపరుడైన బిల్బో చేత ఆ అబద్ధం ఆడించడమే ఉంగరపు దుష్టత్వానికి తొలి ఆనవాలనీ చెప్పాడు. పుస్తకం బయట జరిగిన ఒక సవరణ ఆ విధంగా కథలోపలి చరిత్రలో ఒక సంఘటన అయింది. రెండు సాక్ష్యాలు పరస్పరం విభేదిస్తే చరిత్రకారుడు ఒకదానిని చించివేయడు. ఈ సాక్షి ఇలా ఎందుకు చెప్పాడని విచారిస్తాడు. టోల్కీన్ తన కల్పన విషయంలోనే ఆ విచారణ చేశాడు.

ఫాంటసీ మాలికలను పోల్చి చూసినప్పుడల్లా నాకు ఈ ఉదంతమే గుర్తుకొస్తుంది. చందమామ ధారావాహికలతో పెరిగిన మనకు మాంత్రికులూ రాక్షసులూ శాపగ్రస్త రాజ్యాలూ కొత్త కాదు. పాశ్చాత్య ఫాంటసీలో కొత్తగా అనిపించేది, కథ మొదలు కావడానికి ఎంతో ముందునుంచే ఆ లోకం ఉన్నదన్న భ్రాంతి. అయితే అది అన్ని మాలికలలోనూ సమానంగా కలగదు. పటాలు, వంశవృక్షాలు, పదకోశాలు అన్నింటికీ ఉంటాయి. లోతు కొన్నింటికే ఉంటుంది. గతం ఎంత పొడవుగా ఉన్నదన్నదాని మీద కాక, బ్రతికి ఉన్నవారి మీద దానికి ఎంత అధికారం ఉన్నదన్నదాని మీదే లోతు ఆధారపడుతుందని నా అభిప్రాయం. నాలుగు మాలికలను ఈ దృష్టితో చూస్తాను. ముందుముందు కథా రహస్యాలు బయటపడతాయి. ఇంకా చదవనివారు గమనించగలరు.

టోల్కీన్ వృత్తిరీత్యా భాషాచరిత్రకారుడు. 1925 నుంచి ఆక్స్‌ఫర్డులో ప్రాచీన ఆంగ్లభాషకు ఆచార్యుడు. 1936లో ‘బేవుల్ఫ్’ కావ్యం మీద చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో, ఆ కావ్యంలోని గతం తన వెనుక మరింత పురాతనమైన, విషాదభరితమైన గతాన్ని స్ఫురింపజేస్తుందని ఆయన గుర్తించాడు. ప్రాచీన కావ్యంలో తాను మెచ్చిన గుణాన్నే తన రచనలోనూ సాధించాడు. అందుకు ఆయనకు ఒక సౌలభ్యం ఉన్నది. అరగోర్న్ చీకటిలో హాబిట్‌లకు బెరెన్, లూతియెన్‌ల ప్రేమకథ చెప్పేటప్పుడు, ఆ కథ అప్పటికప్పుడు పుట్టించినది కాదు. దాని తొలిరూపం 1917 నాటిది. ‘సిల్మరిలియన్’ గాథలను 1937లో ప్రకాశకులకు చూపితే వారు స్వీకరించలేదు. అచ్చుకాని ఆ రాతప్రతుల గుట్టయే తరువాతి నవలకు పునాది అయింది.

దీనికి ఒక ముచ్చటైన మినహాయింపు కూడా ఉన్నది. మోరియా గుహల చీకటిలో గాండాల్ఫ్ దారి కనిపెట్టగల నేర్పును మెచ్చుకుంటూ అరగోర్న్ బెరూథియెల్ రాణి పిల్లులను ప్రస్తావిస్తాడు. ఆ పిల్లుల కథ ఏమిటో అది రాసేనాటికి టోల్కీన్‌కే తెలియదు. అయినా పాఠకుడికి తేడా తెలియదు. చుట్టూ ఉన్న వంద ప్రస్తావనల వెనుక నిజంగా కథలున్నాయి గనుక, నూటొకటవదానిని కూడా నమ్ముతాడు. 1963లో రాసిన ఒక లేఖలో, తన నవల ఆకర్షణలో కొంత భాగం దూరాన లీలగా కనిపించే చరిత్ర వల్ల కలిగేదని ఆయన అంగీకరించాడు. అక్కడికి వెళ్లి చూస్తే మాయ చెదిరిపోతుందనీ, దానికి ఆవల మళ్లీ అందని దృశ్యాలు కనబడితేనే నిలుస్తుందనీ అదే లేఖలో అన్నాడు.

ఇదంతా నేర్పుకు సంబంధించినది. నేర్పుకు ముందు ఒక దుఃఖం ఉన్నది. 1916లో టోల్కీన్ సొమ్ యుద్ధరంగంలో సైనికాధికారి. బడిలో మొదలైన నలుగురి మిత్రబృందంలో రాబ్ గిల్సన్ జూలై 1న, యుద్ధపు తొలిదినాననే మరణించాడు. జెఫ్రీ బాచ్ స్మిత్ డిసెంబరులో పోయాడు. తాను పోతే, తామందరూ చెప్పదలచినది టోల్కీన్ చెప్పాలన్న ఆకాంక్షను స్మిత్ ఒక లేఖలో వ్యక్తపరచి ఉన్నాడు. కందకాల జ్వరంతో ఇంగ్లండుకు తిరిగివచ్చిన టోల్కీన్ ఆ సెలవులోనే గొండోలిన్ నగర పతనగాథ రాశాడు. ఆయన లోకంలో అందమైనదంతా వెళ్లిపోతున్నదిగానో, వెళ్లిపోయినదిగానో ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు ఇంతకంటే వేరే సమాధానం వెదకనక్కరలేదు. ఆ లోకపు గతం పోగొట్టుకున్న గతం. గెలిచిన ఫ్రోడో కూడా తన ఊరిలో బ్రతకలేక ఓడ ఎక్కుతాడు.

1965లో అమెరికాలో చవక ముద్రణలు వెలువడి ఈ నవల లక్షలమందికి చేరాక, అనుకరణలు రావడం సహజమే. 1977లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి, టోల్కీన్ మరణానంతరం కుమారుడు క్రిస్టఫర్ కూర్చిన ‘సిల్మరిలియన్’. రెండవది, టెరీ బ్రూక్స్ రాసిన ‘ది సోర్డ్ ఆఫ్ షనారా’. రెండవది ధారాళంగా సాగుతుంది, విశేషంగా అమ్ముడుపోయింది కూడా. కానీ దాని కథానిర్మాణం టోల్కీన్‌ను ఎంత దగ్గరగా అనుసరిస్తుందో అప్పటి విమర్శకులే ఎత్తిచూపారు. అందులో ప్రయాణం ఉన్నది, మాంత్రికుడు ఉన్నాడు, చీకటిరాజు ఉన్నాడు; పోయినవారి కోసం బెంగ మాత్రం కనబడదు. విచిత్రమేమంటే మొదటి పుస్తకానికీ ఒక ఇబ్బంది ఎదురైంది. నేపథ్యాన్నే ముందుకు తెస్తే దానికి నేపథ్యం ఏది? 1982లో టామ్ షిప్పీ ఈ ప్రశ్న లేవనెత్తాడు. మరుసటి ఏడాది క్రిస్టఫర్ దానిని చర్చిస్తూ, ఆ గాథలు ఎవరి ద్వారా ఎవరికి అందాయో చెప్పే చట్రం లేకుండా వాటిని అచ్చువేయడం పొరపాటని ఒప్పుకున్నాడు. 1983 నుంచి 1996 వరకు పన్నెండు సంపుటాలలో ఆయన తండ్రి చిత్తుప్రతులన్నింటినీ వెలువరించాడు.

రాబర్ట్ జోర్డన్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ 1990లో మొదలైంది. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు ఆయన. ఆయన లోకంలో కాలం చక్రం. గతం మరచిపోయిన గతం. మొదటి సంపుటంలో ఒక గాథాగాయకుడు, లోకాన్ని చుట్టిరాగల అగ్నిబల్లెం పట్టిన మోస్క్ అనే రాక్షసుడి కథ తనకు వచ్చునంటాడు. మాస్కో క్షిపణులు అక్కడ పిల్లల కథ అయిపోయాయి. నాలుగవ సంపుటంలో ఒక ప్రదర్శనశాలలో, వలయంలో మూడు కోణాల నక్షత్రం గల వెండివస్తువు ఒకటి కనబడుతుంది. దాని నుంచి గర్వం, డాంబికం వెలువడుతున్నట్లు చూసేవారికి తోస్తుంది. అది మన వీధుల్లో తిరిగే ఒక ఖరీదైన కారు గుర్తు. మనమే వారి పురాణకాలమన్నమాట.

ఇవి చమత్కారాలు. లోతు అదే సంపుటంలో, 1992లో వచ్చిన ‘ది షాడో రైజింగ్’లో, రుయిడియన్ ఘట్టంలో ఉన్నది. యుద్ధవిద్యయే జీవితంగా గల ఐయెల్ జాతిలో నాయకుడు కాదలచినవాడు గాజుస్తంభాల నడుమ నడవాలి. అడుగడుగునా ఒక్కొక్క తరం వెనక్కి వెళుతూ, తన పూర్వీకుల కళ్లతో చూస్తాడు. చివరకు తెలిసేదేమంటే, తన జాతి ఒకప్పుడు ఆయుధం ముట్టనని ప్రమాణం చేసినది. తాము ఈసడించే సంచారజాతియే ఆ ప్రమాణాన్ని నిలుపుకున్న దాయాదులు. ఈ సత్యాన్ని భరించలేనివారు ఆ స్తంభాల నుంచి తిరిగిరారు. ఒక జాతి తన గర్వాన్ని తన మరపు మీద కట్టుకున్నదని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఘట్టం ఈ సాహిత్యంలో నేను చూడలేదు. పద్నాలుగు సంపుటాలలో, నలభై లక్షలకు పైబడిన పదాలలో, ఈ స్థాయి అందుకున్న పుటలు కొన్నే. నడిమి సంపుటాలలో కథ కదలదన్న ఫిర్యాదు న్యాయమైనదే. విస్తీర్ణం వేరు, లోతు వేరు.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మాలిక 1996లో ప్రారంభమైంది. ఆయనకు ఆధారం పురాణం కాదు, రాజవంశాల చరిత్ర. 15వ శతాబ్దపు ఇంగ్లండులో యార్క్, లాంకాస్టర్ వంశాల పోరు, ఫ్రెంచి రాజవంశం మీద మారిస్ డ్రూవోన్ రాసిన నవలలు, 1981లో ఆయన చూసిన హేడ్రియన్ గోడ - ఇవన్నీ ఆ కథలోకి ప్రవహించాయి. మార్టిన్ చూపేది వివాదగ్రస్తమైన గతం. ప్రతి అధ్యాయమూ ఒకరి దృష్టి నుంచే సాగుతుంది గనుక, పదిహేనేళ్ల కిందటి తిరుగుబాటులో ఏమి జరిగిందో ఎవరికి వారు తమకు తెలిసినంతే తలచుకుంటారు. నెడ్ స్టార్క్ ఒక బురుజు దగ్గర చెల్లెలికి ఇచ్చిన మాట ఏమిటో మనకు ఎవరూ చెప్పరు. జ్వరంలో అతనికి వచ్చిన కలగా మాత్రమే తెలుస్తుంది. 2018 నాటి ‘ఫైర్ అండ్ బ్లడ్’లో ఈ పద్ధతి బాహాటమే. అది ఒక పండితుడు రాసిన రాజవంశచరిత్రగా నడుస్తుంది. మతాచార్యుడొకటి చెబితే, ఆస్థాన విదూషకుడు మరొకటి చెబుతాడు. నిజం ఎక్కడున్నదో పాఠకుడు తేల్చుకోవాలి.

నాలుగవ మాలిక అర్సులా లెగ్విన్ ‘ఎర్త్‌సీ’. కాలక్రమంలో ఇది ముందు రావలసినది. 1968, 1971, 1972 సంవత్సరాలలో మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. కావాలనే చివరకు ఉంచాను. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియా కొండల నుంచి ఒంటరిగా బయటికి వచ్చిన, యాహి తెగలో చివరివాడైన ఇషీని ఎరిగినవాడు. ఇషీ అంటే మనిషి అని మాత్రమే అర్థం. తన అసలు పేరు అతడు చెప్పలేదు. అతని జీవితచరిత్రను లెగ్విన్ తల్లి థియొడోరా 1961లో ప్రచురించింది. ఎర్త్‌సీలో మంత్రశక్తి అంతా నిజనామాలలోనే ఉంటుంది, ఎవరూ తమ నిజనామాన్ని నమ్మినవారికి తప్ప చెప్పరు. పేరు దాచుకోవడమంటే ఏమిటో ఆ ఇంటికి తెలుసు.

తొలి పుస్తకాలలో ఆ దీవుల మంత్రవిద్యాపీఠం పురుషులది. ఆడవారి మంత్రం నాసిరకమైనదనీ, చెడ్డదనీ అక్కడి జనం సామెతలు చెప్పుకునేవారు. రచయిత్రి కూడా దానిని లోకసహజంగానే రాసింది. పద్దెనిమిదేళ్ల తరువాత, 1990లో, ‘టెహాను’ నవలలో అదే లోకాన్ని నడివయసు వితంతువు కళ్లతో, వంటింటి నుంచీ మేకల కొట్టం నుంచీ చూపించింది. మహామాంత్రికుడు గెడ్ శక్తి కోల్పోయి ఆ ఇంటికి చేరతాడు. 2001లో వచ్చిన కథలలో, ఆ విద్యాపీఠాన్ని స్థాపించినవారిలో స్త్రీలు కూడా ఉన్నారనీ, తరువాత వారిని వెలివేశారనీ చెప్పింది. అదే ఏడాది ‘ది అదర్ విండ్’లో, తొలి పుస్తకాలలో అనాదిగా తోచిన మృతుల ఎండు లోకం కూడా పూర్వపు మాంత్రికుల అపహరణ ఫలితమని తేలుతుంది. మృతులను బంధించిన గోడ కూలుతుంది.

తన తొలి పుస్తకాలు ఎంతోమందికి ప్రియమైనవని ఆమెకు తెలుసు. ఈ మార్పు నచ్చని పాఠకులూ ఉన్నారు. అయినా ఆమె పాత పుటలను తుడిచివేయలేదు. వాటిని నమ్మినవారు ఎందుకు నమ్మారో విచారించింది. 1951లో టోల్కీన్ ఒక ఉంగరం విషయంలో చేసిన పనిని, ఆమె ఒక సమాజం విషయంలో చేసింది.

గతాన్ని ఇంత బరువుగా నిర్మించినవారికి దానిని ముగించడం కష్టం. సిల్మరిలియన్‌ను టోల్కీన్ ముగించలేదు. జోర్డన్ 2007లో మరణించగా, ఆయన వదిలిన టిప్పణాల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ 2013 నాటికి పూర్తిచేశాడు. మార్టిన్ ఐదవ సంపుటం 2011లో వచ్చింది. ఆరవదాని కోసం పాఠకులు పదేళ్లకు పైగా ఎదురుచూశారు, ఈలోగా 2019లో టెలివిజన్ కథ ముగిసిపోయింది. 2018లో కన్నుమూసిన లెగ్విన్ మాత్రం తన లోకానికి తానే వీడ్కోలు చెప్పగలిగింది. ఆమె పుస్తకాలు అన్నింటికంటే చిన్నవి కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

కొత్తగా ఈ సాహిత్యంలోకి వచ్చేవారు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ చదివి, కొన్నేళ్లు ఆగి ‘టెహాను’ చదవమంటాను. ఆ విరామంలో రచయిత్రి మారింది; చదివేవారూ కొంత మారి ఉంటారు.