దుగ్గిరాలలో బస

మా గుంటూరు జిల్లా కాలవ కింద ఊళ్లలో 1940ల్లో నాటక సమాజం దిగిందంటే బస పెద్ద సమస్య. మగవాళ్లు సత్రంలోనో, బడి వరండాలోనో నడుం వాల్చేసేవాళ్లు. సమాజంలో ఆడపిల్ల ఉంటేనే చిక్కు. ఆ పిల్లకి ఒక ఇల్లు చూడాలి, తలకి నీళ్లు కాచి పోసే మనిషిని చూడాలి. మా మేనత్త అలా వండిపెట్టిన మనిషే. "నాటకాల పిల్లకి మంచం వేసిన ఇల్లు అని నెల్లాళ్లు చెప్పుకున్నారే" అనేది. కొంచెం ఉక్రోషంగా అనేది, కొంచెం గర్వంగా కూడా.

తారల స్నేహాలంటే జనం మద్రాసు టి. నగర్ విందుల గురించే అడుగుతారు. నాకేమో ఆ కథ పసుపు మార్కెట్టున్న దుగ్గిరాలలో, ఒక వ్యాపారి ఇంట్లో మొదలైందనిపిస్తుంది. ఆ ఇంటి యజమాని నిప్పాణి శ్రీనివాసరావు, భార్య కౌసల్యాదేవి. వాళ్లమ్మాయి 1936లో హంపీలో పుట్టింది, పెరిగింది మాత్రం దుగ్గిరాలలోనే. పాటా, హార్మోనియం పట్ల ఆ ఇంట్లో చిన్నచూపు లేదు. తల్లే దగ్గరుండి కూతురికి సంగీతం చెప్పించింది. ఊరికి నాటకం వేయడానికి వచ్చిన చిర్రావూరు పిల్ల ఒకతె ఆ ఇంట్లోనే దిగింది. ఆ దిగిన పిల్ల సావిత్రి, ఆ ఇంటి పిల్ల జమున. తర్వాత సినిమాల్లోకి రమ్మని జమునకి చెప్పిందీ సావిత్రే. జమున చివరిదాకా ఆమెను అక్క అనే పిలిచింది.

ఆ రోజుల్లో ఆడపిల్ల నాటకం వేయడం చిన్న విషయమేం కాదు. అంతకు ముందు తరంలో మా వైపు సత్యభామ అంటే బాపట్ల స్థానం నరసింహారావుగారే. చీర కట్టి, జడ వేసుకుని రంగం మీదికి వస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకున్నారంటారు. మగవాళ్లే అంత బాగా చేస్తుంటే ఆడపిల్లలెందుకు అన్న వాదన మా ఊళ్లో గట్టిగానే ఉండేది. ఆ వాదనకి ఎవరూ జవాబివ్వలేదు, ప్రజానాట్యమండలి దాన్ని పక్కకి తోసేసిందంతే. 1943లో పుట్టిన ఆ సంస్థ బెంగాల్ కరువు కోసం పాటలు పాడుతూ జోలె పట్టింది. మోటూరి ఉదయం ఆడవాళ్లతోనే బుర్రకథ దళం కట్టింది. కరువు బాధితుల కోసం గజ్జె కట్టిన ఆడదాన్ని చెడ్డదనడానికి ఊరికి నోరు రాలేదు. మన దగ్గర సంసార పక్షపు ఆడపిల్ల రంగం ఎక్కడానికి దారిచ్చింది కళకంటే ముందు ఈ విరాళాల జోలేనని నా నమ్మకం. కాదనేవాళ్లు ఉంటారు, ఉండనీయండి.

దుగ్గిరాల బడిలో అప్పట్లో కొంగర జగ్గయ్య మాష్టారు. తెనాలి పక్క మోరంపూడి ఆయనది. నాటకం పిచ్చి. జమునను నాటకంలోకి తీసుకెళ్లింది ఆయనే. తర్వాత సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి' నాటకంలో ఆమెను చూసి డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ఆమెతో 'పుట్టిల్లు' తీశారు. ఆయన వైద్యుడు, ప్రజానాట్యమండలి మనిషి. అల్లు రామలింగయ్యకీ అదే మొదటి సినిమా. ఒక నాటకం పరిచయం ఇంకో నాటకానికి, అక్కణ్ణించి సినిమాకి. మద్రాసు రైలెక్కేముందే వీళ్లందరికీ ఒకళ్ల ఇల్లు ఒకళ్లకి తెలుసు.

మద్రాసులో ఆ పరిచయాలే చుట్టరికాలయ్యాయి. 1955లో 'మిస్సమ్మ'లో సావిత్రి, జమున అక్కాచెల్లెళ్లు, 1962లో 'గుండమ్మ కథ'లో మళ్లీ ఒకే ఇంటి ఆడపిల్లలు. మధ్యలో ఇద్దరు అగ్రనటులు జమునతో నటించకూడదనుకున్న కాలం ఒకటి నడిచింది. ఆ తగువు తీరి ఆమె మళ్లీ వాళ్ల పక్కన నిలబడింది 'గుండమ్మ కథ'తోనే, నిర్మాతలు చక్రపాణి, నాగిరెడ్డి పట్టుబట్టి రాజీ చేస్తే. తెర మీద గుండమ్మగా అందర్నీ రాచి రంపాన పెట్టిన సూర్యకాంతం తెర వెనక ఇంటి నుంచి వంటకాలు తెచ్చి సెట్టంతా పంచేది. ఆమెదీ కాకినాడ నాటకాల పాఠశాలే.

హబీబుల్లా రోడ్డులో సావిత్రి ఇల్లు, ఆమె కార్లు, ఆమె చేతి ఎముక లేనితనం గురించి ఎంత చెప్పినా జనానికి తనివి తీరదు. 1965 యుద్ధం రోజుల్లో ఒంటి మీది నగలు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చేతికి రక్షణ నిధి కోసం ఇచ్చేసింది. రేపల్లె దగ్గర వడ్డివారిపాలెంలో బడి పెట్టించింది. ఆ బడి ఇప్పటికీ ఆమె పేరుతోనే నడుస్తోంది. నగల సంగతి తెలిసినంతగా ఈ బడి సంగతి తెలియకపోవడం నాకు చిరాకు. తళుక్కుమన్నదే కథ అవుతుంది మనకి!

నాకు ఈ స్నేహాల్లో అన్నిటికంటే ఇష్టమైనది 1968లో వచ్చిన 'చిన్నారి పాపలు'. నిర్మాత వీరమాచనేని సరోజిని, దర్శకత్వం సావిత్రి. కళ మోహన, నృత్యాలు రాజసులోచన. సంగీతం పి. లీల, 'మిస్సమ్మ'లో సావిత్రికి గొంతిచ్చిన ఆ మలయాళీ గాయని. సినిమా తీయడంలో ఆడవాళ్లకి దర్జీ పనీ, జడ వేసే పనీ తప్ప పెద్దగా మరేదీ దక్కని రోజుల్లో కీలకమైన కుర్చీలు చాలావరకు ఆడవాళ్లవే అయ్యాయి. తెర మీద జమున, షావుకారు జానకి. జానకి అప్పటికే రేడియో గొంతు, మద్రాసులో కె. బాలచందర్ నాటకాల్లోనూ వేసింది. కథానాయకుడు ఎవరంటే మన దుగ్గిరాల మాష్టారే! మధ్యలో ఢిల్లీ రేడియోలో వార్తలు చదివి, 1967లో ఒంగోలు నుంచి పార్లమెంటుకి గెలిచిన జగ్గయ్య, అప్పటికి సభ్యుడిగానే ఉన్నారు. బస ఇచ్చిన పిల్ల, బసకి వచ్చిన పిల్ల, నాటకానికి పంపిన పంతులు, ముగ్గురూ ఒకే సెట్టులో. సినిమాకి డబ్బు రాలేదు. ఆ తర్వాత సావిత్రి తీసిన కొన్నిటికీ రాలేదు. ఆమె చివరి రోజుల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను రాయను.

ఒక్క తేడా మాత్రం చెప్పాలి. సావిత్రి ఇచ్చినదంతా చేతి నుంచి చేతికి. అడిగినవాడికి వెంటనే అందేది, లెక్క ఉండేది కాదు, చెయ్యి ఖాళీ అయ్యాక ఆగిపోయింది. జమున లెక్క ఉన్న మనిషి. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకి గెలిచింది, రంగస్థలం వాళ్ల కోసం తెలుగు ఆర్టిస్టుల సంఘం పెట్టి ఏళ్ల తరబడి నడిపింది. ఆమెకి అహంకారమనేవాళ్లు. సంఘం నడిపే ఆడదానికి ఆ మాట తప్పదు. మా మేనత్త అయితే ఇద్దరిలో సావిత్రి వైపే. "లెక్క రాసుకుని పెట్టేది అన్నమేమిటే" అనేది. ఆవిడ దగ్గర వాదించడానికి నాకెప్పుడూ ధైర్యం చాలలేదు కానీ, డప్పు పట్టలేని వయసులో ఉన్న కళాకారుడికి ఏ నెల ఏం వస్తుందో ముందే తెలియడం ముఖ్యమని నేనిప్పటికీ అనుకుంటాను. జమున 2023 జనవరిలో పోయింది. ఆ దుగ్గిరాల ఇంట్లో బస దగ్గర మొదలైన జట్టులో పేరున్నవాళ్లలో అప్పటికి మిగిలింది షావుకారు జానకి ఒక్కతే.