శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ – చుట్టుపక్కల పల్లెలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల కథలకంటే, మన జిల్లాలో చాలామంది ఎరిగిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ గురించి రాయడం మేలనిపించింది. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా నేను ఆ ప్రాంతంలో చాలా ఏళ్లు పనిచేశాను.

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. కాలువ నీళ్లతో మెట్ట భూములు మాగాణులయ్యాయి. కోస్తా జిల్లాల రైతులు కూడా వచ్చి, కాలువల కింద క్యాంపులు వేసుకుని స్థిరపడ్డారు. ఆ నీటిని నమ్ముకునే 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోనే పెద్దదన్న పేరు దానికి చాలాకాలం ఉండేది.

గేటు లోపల జీతం తీసుకునేవారు కొందరే. వారిలోనూ సీజన్‌కు మాత్రమే పనికి పిలిచేవారు ఉండేవారు. గేటు బయట బతికినవారు ఎందరో! చెరకు నరికే కూలీలు, బండ్లు తోలేవారు, ఆ బండ్లకు ఇరుసులు బిగించే వడ్రంగి, కమ్మరి, దారి పక్కన చాయ్ హోటలు పెట్టుకున్నవారు అందరూ గానుగ ఆడితేనే బతికేవారు. చెరకు డబ్బు చేతికొచ్చాకే పల్లెలో పెండ్లి ముహూర్తాలు పెట్టుకునేవారు, షావుకారు బాకీ తీర్చేవారు.

2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చి 49 శాతం తనవద్ద ఉంచుకుంది. బోధన్‌తోపాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి ఫ్యాక్టరీలూ ఆ ఒప్పందంలో చేరాయి. 2015 డిసెంబరులో మూడూ మూతపడ్డాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెరిపిస్తామన్న హామీలు వినిపించాయి.

బట్టల మిల్లు మూతపడితే పత్తి దూరం వెళ్లి అమ్ముడవుతుంది. చెరకు అలా కాదు. నరికిన ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరకపోతే బరువు తగ్గుతుంది, చక్కెర శాతం పడిపోతుంది. దూరపు ఫ్యాక్టరీకి తోలితే కిరాయే మింగేస్తుంది. అందువల్ల గానుగ ఆగితే పంటే మారిపోవాలి. నీరున్న రైతు వరికి మళ్లాడు. భూమి లేని కూలీ ఏ పంటకు మళ్లగలడు? కోతకు యంత్రం వచ్చిన వరి పొలంలో అతనికి మునుపటి పని లేదు. ఆడవారికి బీడీలు, మగపిల్లలకు గల్ఫ్ ప్రయాణం ఈ జిల్లాలో ముందునుంచీ ఉన్నవే. ఫ్యాక్టరీ పోయాక చాలా ఇండ్లకు అవే దిక్కయ్యాయి.

మిత్రులారా, మనకు నెలనెలా పింఛను వస్తోంది, కరువు భత్యం పెరుగుతోంది. ఫ్యాక్టరీ కార్మికులకు వర్తించే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కరువు భత్యమే లేదు. అందులో కనీస పింఛను నెలకు 1000 రూపాయలని 2014లో నిర్ణయించారు. ముప్పై ఏళ్లు బాయిలరు వేడిలో నిలబడ్డ మనిషి ముసలితనానికి ఆ పథకమే ఆధారమైతే ఇల్లు ఎట్లా గడుస్తుంది?

ఫారాలు నింపడం, అర్జీలు రాయడం మనకు చేతనైన విద్య. శక్కర్‌నగర్ కార్మికులుగాని, వారి వితంతువులుగాని కాగితాలు పట్టుకుని వస్తే మన సంఘ సభ్యులు వారానికి ఒక పూట కేటాయించాలని నా మనవి. ఆ పనికి నేను సిద్ధంగా ఉన్నాను.